మానిటర్ ప్రారంభోత్సవం

"పిడుగు పడి మన గ్రంథాలయం టీవీ అమరత్వం పొందిన సంగతి మీకు విదితమే. ఇకపై కేబుల్ పెట్టెను మన కంప్యూటర్ మానిటర్‌కే తగిలించుకునేందుకు పంచాయతీ చారిత్రాత్మక అనుమతి లభించింది!"

వార్డు మెంబర్ సుగుణన్ గారు మైకులో ఈ శుభవార్త వినిపించగానే నా భార్య రెంజిని ఆనందం పట్టలేక నా చెయ్యి గిల్లింది. ఆమె తమ్ముడు జిష్ణు గోల్‌కీపరు. ఆదివారం నాలుగింటికి అంతర్ జిల్లా ఫుట్‌బాల్ ఫైనల్లో మొదటిసారి టీవీలో కనబడబోతున్నాడు. కేరళలో, చేర్తలలోని మా అద్దెగదిలో టీవీ లేదు.

ఆదివారం మూడింటికే గ్రంథాలయానికి వెళ్ళాం. పెట్టె వెనక ఒకరకం కన్నం, మానిటర్ వెనక మరోరకం. రెండింటినీ కలిపే కన్వర్టర్ను రెంజిని తన హ్యాండ్‌బ్యాగులోంచి తీసింది. మాకు పెళ్ళయి ఇరవై మూడు రోజులే. ఆ బ్యాగులో ఇంకా ఏమేం ఉన్నాయో నాకు పూర్తిగా తెలియదు. మానిటర్‌కు స్పీకర్లు లేవు కాబట్టి పెట్టె నుంచి మైకుసెట్టుకు ఓ వైరు లాగింది. ఐదు నిమిషాల్లో బొమ్మా మాటా రెండూ వచ్చేశాయి.

"ఆపండి!" మెంబర్ గారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. "ప్రారంభించకుండానే చూసేస్తే ప్రజాస్వామ్యం ఏమైపోవాలి?"

మానిటర్ మీద పట్టుగుడ్డ కప్పారు. ఉపన్యాసాలకు కావాలని మైకుసెట్టు వైరు పీకారు. స్వాగతం, అధ్యక్షోపన్యాసం, ఆ తర్వాత అభినందించేవారు పదకొండుమంది. ప్రతిపక్షం వాళ్ళు అలుగుతారని మెంబర్ గారే విశాల హృదయంతో పన్నెండో పేరు చేర్చారు.

"చేట్టా, ఐదయింది. ఇంకా ఎంతమంది?" అంది రెంజిని నా చెవిలో.

"ఏడుగురు."

లేచి నిలబడింది. "మెంబర్ గారూ, గుడ్డ ఓ మూల కొంచెం ఎత్తితే..."

"మోళే, నీ తమ్ముడి కోసమే కదమ్మా ఇదంతా! పరిప్పువడ తిను."

తిన్నాం. ఒకే పప్పువడను ఇద్దరం పంచుకున్నాం. కరకరలాడుతూ చాలా బాగుంది.

ఆరుంబావుకు దీపం వెలిగించి గుడ్డ తీశారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. తెర మీద ఒకావిడ సబ్బుతో చేతులు కడుక్కుంటోంది. అందరం శ్రద్ధగా చూశాం.

అప్పుడే రెంజిని ఫోను మోగింది, జిష్ణు. స్పీకరు నొక్కింది.

"చేచీ, చూశావా?"

ఆమె నోరు తెరిచేలోగా మెంబర్ గారు ఫోను అందుకున్నారు.

"ఊరంతా చూసింది మోనే! అద్భుతం! మొత్తం ఎన్ని గోల్సు?"

"నాలుగు..."

ఆయన ఫోను మా చేతిలో పెట్టి మైకు వైపు పరుగెత్తారు. మిగతాది మేమిద్దరమే విన్నాం.

"నాలుగూ నా చేతుల కింద నుంచే పోయాయి, చేచీ."

"పోతే పోనీరా. ఇంటికి రా, చేపల కూర వండుతాను," అంది రెంజిని కళ్ళు తుడుచుకుంటూ.

మైకు గర్జించింది: "మన జిష్ణు సాధించిన నాలుగు గోల్సుకు రేపు సాయంత్రం ఇక్కడే పౌర సన్మానం! ఆ నాలుగింటినీ ఈ మానిటర్ మీదే ప్రదర్శిస్తాం!"