సభ రద్దు కాలేదు

ఆ శనివారం పొద్దున ఇస్సాకు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి టిఫిన్, ఎనిమిదింటికి మిగిలిన కరపత్రాలు తెనాలి బజారులో పంచడం, పదింటికి మేడ హాలు ఊడిపించడం, ఆపైన ఆదివారం సాయంత్రం దాకా ప్రార్థన. ఈ నాలుగింటిలో చివరిదానికే ఎక్కువ సమయం కేటాయించడానికి కారణం ఉంది.

హైస్కూల్లో సోషల్ చెప్పే ఇస్సాకు, పిల్లలకు చెప్పింది చాలక పెద్దవాళ్ళకు కూడా చెప్పాలని 1988లో ‘పౌర విజ్ఞాన సమితి’ పెట్టాడు. రాజులు పోయి ఓట్లు ఎలా వచ్చాయి, మంత్రి ఎవరికి జవాబు చెప్పాలి, ఇలాంటి వాటి మీద నెలకో ప్రసంగం. మొదటిదానికి పదిహేను మంది వచ్చారు. రెండోదానికి తొమ్మిది మంది. ఆ తొమ్మిదిలో మాస్టారు, ఆయన భార్య రిబ్కా, వక్త, వక్తగారి తోడల్లుడు కూడా ఉన్నారు.

హాలు యజమాని పూర్ణచంద్రరావు అంతవరకూ ఊరికే ఇస్తున్నాడు. రెండో ప్రసంగం అయ్యాక మాత్రం మాస్టారిని మెట్ల దగ్గర ఆపాడు.

"మాస్టారూ, ఈసారి యాభై మంది కనపడకపోతే హాలు టైపు ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకి ఇచ్చేస్తానండి. మీరేం అనుకోవద్దు."

ఇస్సాకు అనుకున్నాడు. నెల రోజులుగా అదే అనుకుంటున్నాడు. హాలు పోతే సమితి పోయినట్టే. ఊళ్ళో ఇంకెవరూ తొమ్మిది మంది కోసం తలుపు తియ్యరు.

అందుకే ఈసారి బాపట్ల నుంచి యోబుగారిని పిలిచాడు. రిటైరైన లెక్చరరు, మాట్లాడితే మైకు అక్కర్లేని గొంతు. విషయం కూడా వేడిగా ఉండేది చూశాడు: ‘శాసనసభ రద్దు: రాజ్యాంగం ఏమంటోంది?’

టిఫిన్ దగ్గర కూర్చున్నాడో లేదో, పాలుపోసే మంగాయమ్మ గుమ్మంలో నిలబడి జాలిగా చూసింది.

"సభ రద్దయిందటగా మాస్టారూ? అంత తిరిగారు, పాపం."

ఇస్సాకు చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది. "ఎవరు చెప్పారమ్మా?"

"మీరే కదండీ. నిన్నంతా కాయితాలు పంచారు."

రిబ్కా అలమర మీదున్న కరపత్రాల కట్టలోంచి ఒకటి తీసి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసింది. పైన చీమంత అక్షరాలతో ‘శాసన’ అని ఉంది. దాని కింద బొటనవేలంత అక్షరాలతో ‘సభ రద్దు’ అని ఉంది. కింద మళ్ళీ చీమల బారులో రాజ్యాంగం, యోబుగారు, మేడ హాలు, ఆదివారం ఐదు గంటలు.

"ఏమండీ, ఇది చదివితే నేను కూడా రాను" అంది.

ఇస్సాకు సైకిలెక్కి ప్రెస్సుకు పోయాడు. ప్రెస్సు రహమతుల్లా నింపాదిగా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మొత్తం మాట పెద్ద టైపులో పట్టలేదండి. అందుకని ‘శాసన’ విడదీసి పైనేశాను. ప్రూఫు మీకు చూపించాను. మీరే బాగుందని సంతకం చేశారు."

నిజమే, చేశాడు. నెల రోజులుగా ఆ మాటతోనే నిద్ర లేస్తున్నవాడికి ‘శాసన’ ఎంత చిన్నగా ఉన్నా కనిపిస్తుంది. తప్పు తనదే.

"ఇప్పుడు మళ్ళీ వేస్తారా?"

"కరెంటు లేదు కదండీ. సైదావలి చేత మైకులో చెప్పించండి. గంటలో ఊరంతా తెలుస్తుంది."

సైదావలి రిక్షాకు మైకు కట్టి ఊళ్ళో ప్రకటనలు చేసే మనిషి. సినిమా మారినా, నీళ్ళు రాకపోయినా ఆయన గొంతులోంచే ఊరికి తెలిసేది. ఇస్సాకు ఆయన్ని ప్రెస్సుకే పిలిపించి, అక్కడి బల్ల మీదే రాసిచ్చాడు: ‘సభ రద్దు కాలేదు. పుకార్లు నమ్మవద్దు. ప్రజలు ఆందోళన చెందవద్దు. పూర్తి వివరాలకు ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు మేడ హాలుకు రావలెను.’

సైదావలి చాలా జాగ్రత్త గల మనిషి. కాగితం అందుకోగానే ఆయనకు సందేహం వచ్చింది. ఏ సభ? అడుగుదామంటే మాస్టారు అప్పటికే సైకిలెక్కేశాడు. బల్ల మీదున్న కరపత్రం తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తే పైన ‘శాసన’ కనిపించింది. మాస్టారు కంగారులో ఒక ముక్క వదిలేశాడని జాలిపడి, అది కలిపి చదవడం మొదలుపెట్టాడు.

"శాసనసభ రద్దు కాలేదు. ప్రజలు ఆందోళన చెందవద్దు."

ఈ సంగతి తెలియని ఇస్సాకు ఇంటికి వచ్చేసరికి పోస్టులో కార్డు ముక్క వచ్చి ఉంది. యోబుగారి దస్తూరీ. ‘ప్రియ సోదరుడు ఇస్సాకు గారికి వందనములు. మీరు పంపిన కరపత్రం అందినది. సభ రద్దయినందుకు విచారిస్తున్నాను. ప్రభువు చిత్తం. ఆదివారం ఖాళీ అయినందున వేటపాలెం మా అమ్మాయి ఇంటికి వెళ్తున్నాను.’

ఇస్సాకు భోజనం కూడా చెయ్యకుండా స్టేషనుకు పరుగెత్తి బాపట్ల రైలెక్కాడు. యోబుగారి ఇంటికి తాళం ఉంది. పక్కింటి విజయమ్మ గోడ మీంచి చూసి, "సోమవారం గానీ రారండి. ఏదో సభ రద్దయిందట" అంది. వేటపాలెంలో కూతురిల్లు ఎక్కడో ఆవిడకు తెలియదు. ఇస్సాకు తలుపు సందులోంచి ఒక చీటీ లోపలికి తోశాడు. అది చూసేవాడు లోపల లేడని తెలిసి కూడా తోశాడు.

సాయంత్రం తెనాలిలో దిగేసరికి రేపల్లె పాసింజరు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. స్టేషను బయట సైదావలి గొంతు ఖంగున మోగుతోంది. అప్పుడు విన్నాడు ఇస్సాకు, తను రాయని ‘శాసన’ అన్న ఆ మూడక్షరాలను. పాసింజరు కిటికీల్లో తలలు కూడా విన్నాయి.

"ఏమీ లేకపోతే కాలేదని ఎందుకు చెప్తారు బాబాయ్?"

"ఆందోళన పడొద్దంటున్నారంటే వ్యవహారం ముదిరినట్టే. ఎలక్షన్లొస్తున్నాయి."

ఇస్సాకు కిటికీ దగ్గరకు పోయి, "అదేం లేదండి, మా ప్రసంగం గురించి చెప్తున్నారు" అన్నాడు.

కిటికీలో పెద్దాయన జాలిగా నవ్వాడు. "మీరు మాస్టారిలా ఉన్నారు. మీకు రాజకీయాలు తెలీవులెండి."

రైలు కదిలింది. వార్త రేపల్లె పోయింది.

ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు ఏం ప్రసంగించారో ఇస్సాకుకు ఒక్క ముక్క ఎక్కలేదు. వక్త లేడు. జనం రారు. వస్తే ఇంకా ప్రమాదం. నాలుగున్నరకు రిబ్కాను వెంటబెట్టుకుని హాలుకు బయల్దేరాడు. వీధి మలుపులో ఇద్దరూ ఆగిపోయారు. మేడ కింద రేపల్లె జీపు, చెరుకుపల్లి వ్యాను, లెక్కలేనన్ని మోటారు సైకిళ్ళు ఉన్నాయి.

పైన హాల్లో రెండొందల మంది ఉన్నారు. ఎవరూ చెప్పకుండానే అధికార పార్టీ వాళ్ళు కుడివైపు, ప్రతిపక్షం వాళ్ళు ఎడమవైపు సర్దుకుని మధ్యలో దారి వదిలారు. పూర్ణచంద్రరావు తలలు లెక్కపెడుతూ ఎనభై దగ్గర మానేసి, ముఖమంతా నవ్వు చేసుకుని నిలబడ్డాడు.

"ఏం చెయ్యమంటావ్?" అని ఇస్సాకు భార్యను అడిగాడు.

"మీకు తెలిసింది చెప్పండి. తొమ్మిది మందికి చెప్పినట్టే చెప్పండి."

ఇస్సాకు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. "శాసనసభ రద్దు..." అన్నాడు. రెండు పక్కల వాళ్ళూ ముందుకు వంగారు. "కాలేదండి."

కుడివైపు ఊపిరి వదిలారు. ఎడమవైపూ వదిలారు. ఇందులో ఎవరు సంతోషించాలో ఎవరికీ తేలలేదు. రేపల్లె జీపులో వచ్చిన ఒకాయన లేచాడు.

"కాకపోతే కాకపోయింది. అసలు రద్దు చేసే అధికారం ఎవరిదండి? ముఖ్యమంత్రిదా, గవర్నరుదా?"

ఇస్సాకుకు ఒక్కసారి కళ్ళు చెమర్చాయి. సమితి పెట్టిన తర్వాత ఆయన్ని ఎవరైనా ప్రశ్న అడగడం అదే మొదలు. భయం ఎటు పోయిందో పోయింది. నూట డెబ్బై నాలుగో అధికరణం దగ్గర మొదలుపెట్టి గంటన్నర మాట్లాడాడు. గవర్నరు సంతకం ఎవరి సలహా మీద పెడతాడో చెప్తుంటే రెండు పక్షాల వాళ్ళూ చొక్కా జేబుల్లోంచి కాగితాలు తీసి రాసుకున్నారు. వచ్చే నెల ‘ప్రతిపక్షం ఎందుకు?’ అన్న విషయం మీద చెప్పుకుందామంటే ఎడమవైపు చప్పట్లు కొట్టారు. తగ్గితే బాగుండదని కుడివైపూ కొట్టారు.

ఆ రాత్రి ఇస్సాకు హాయిగా నిద్రపోయాడు. సోమవారం పొద్దున్నే పూర్ణచంద్రరావు మిఠాయి పొట్లంతో ఇంటికి వచ్చాడు.

"అంతా మీ చలవే మాస్టారూ. నా హాల్లో అంతమంది పడతారని నాకే తెలీదు. నిన్న చూశారు కదా, పార్టీ వాళ్ళు ఆఫీసు పెట్టుకుంటామన్నారు. ఇచ్చేశాను."

"యాభై మంది వస్తే మాకే ఉంచుతానన్నారు కదండీ."

"యాభై అన్నానండి. మీరు రెండొందల మందిని తెచ్చారు. నేనేం చెయ్యను?"

మిఠాయి పొట్లం మూడు రోజులు బల్ల మీదే ఉంది. ఇస్సాకు ముట్టుకోలేదు. తొమ్మిది మంది వచ్చినప్పుడు కూడా ఆయనకు ఇంత దిగులు కలగలేదు. ఊరంతా తిరిగి ఇంకో చోటు అడిగాడు. కొందరు చూద్దామన్నారు, కొందరు ఏ పార్టీ అన్నారు. చివరికి తర్వాతి నెల సభ దగ్గరపడ్డాక రహమతుల్లా దగ్గరకు పోయి, చెప్పిన మాట ప్రకారం సభ పెట్టలేకపోతున్నానని జనానికి తెలియజెయ్యాలని కరపత్రం వేయించాడు. ఈసారి ప్రూఫు మూడుసార్లు చదివాడు. ఏ అనుమానానికీ తావు లేకుండా ఉంది: ‘ఆదివారం సాయంత్రం ఐదు గంటల సభ రద్దు.’ ఆ నెల ప్రసంగానికి ముందే ఒప్పుకున్న యోబుగారికి కూడా ఒకటి పోస్టులో పంపాడు.

ఆదివారం ఐదింటికి మనసాగక, ఎవరైనా పొరపాటున వస్తే చెప్పి పంపుదామని మేడ దగ్గరకు పోయాడు. పైన పార్టీ ఆఫీసుకు తాళం ఉంది. మెట్ల మీద, కింద అరుగు మీద, రోడ్డు పక్కన నూట యాభై మంది దాకా కూర్చుని ఉన్నారు. పాలగిన్నె పక్కనబెట్టుకుని మంగాయమ్మ కూడా ఉంది. ఆ ఆఫీసు వాళ్ళే తాళం వేసుకుని కిందికొచ్చి రెండో మెట్టు మీద కూర్చున్నారు.

"సభ రద్దండి. కరపత్రం చూడలేదా?"

"చూసే వచ్చాం. మొదలుపెట్టండి మాస్టారూ" అన్నారు.

"ఇది ఆ రద్దు కాదండి. నిజంగా రద్దు."

ఎవరూ కదల్లేదు. అంతలో రిక్షా ఆగింది. యోబుగారు సంచీతో దిగి ఇస్సాకు భుజం తట్టాడు.

"పోయినసారి మీ కాయితం చూసి మోసపోయాను. ఈసారి మోసపోతానా?" అని మెట్టెక్కి, గొంతు సవరించుకుని, ప్రతిపక్షం ఎందుకో మొదలుపెట్టాడు. ఆయన గొంతు అవతలి వీధి దాకా వినిపించి, అక్కణ్ణుంచి కూడా జనం వచ్చారు.

ఇస్సాకు కూర్చోడానికి చోటు దొరక్క గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రిబ్కా పక్కకొచ్చి నిలబడి, కాసేపు జనాన్ని చూసింది.

"వచ్చే నెల కూడా రద్దనే వేయించండి. కుర్చీలు మాత్రం ముందే చెప్పుకుందాం" అంది.