చేతికర్రకో కారు

ఆ పొద్దున చేయాల్సిన పని చాలా చిన్నది. మామగారి ఉద్యోగ విరమణ సభకు ఇంటిల్లిపాదినీ మూడు కార్లలో పంపించాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళని మనిషి ఆయన. ఆఖరి రోజున ఆ పేరు పోతే, పోగొట్టినవాడు అల్లుడే అవుతాడు. ఫోను తీసి మూడు కార్లు పిలిస్తే అయిపోయేది. కానీ అల్లుడు ప్రోగ్రాములు రాసేవాడు. చేత్తో అయ్యే పనికి యంత్రాన్ని కట్టకపోతే అతనికి కాఫీ సయించదు.

ఒకే కారులో వెళ్ళేవాళ్ళ మధ్య కామా, కారుకీ కారుకీ మధ్య సెమీకోలన్ పెట్టి రాయమని అత్తగారికి చెప్పాడు. ఆవిడ తు.చ. తప్పకుండా రాసి పంపారు. ‘మామగారు, నేను, పూలగుత్తి; పెదనాన్న, పెద్దమ్మ, చేతికర్ర; పిన్ని, బాబాయ్, కెమెరా.’ ఆ వరసను ముక్కలుగా తెంచి, ముక్కకో కారు పిలవడం ప్రోగ్రాము పని. ఎక్కడ తెంచాలో చెప్పే సూత్రాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. అందులో సెమీకోలన్ ఒక్కటీ పెడితే చాలు. అత్తగారు ఎక్కడైనా పొరబడి ఉంటారేమోనని, ముందుచూపుతో కామా దగ్గర కూడా తెంచమన్నాడు. మీట నొక్కి స్నానానికి వెళ్ళాడు.

తల తుడుచుకుంటూ వచ్చేసరికి సందులో కార్లు బారులు తీరి ఉన్నాయి.

"చేతికర్రగారు ఎవరండీ? కాస్త త్వరగా రమ్మనండి" అన్నాడు గుమ్మంలో డ్రైవరు. అతని వెనక ఇంకొకాయన ‘నేను’గారి కోసం వాకబు చేస్తున్నాడు.

అల్లుడు ఫోను చూసుకున్నాడు. మూడు ముక్కలు ఉండాల్సిన చోట తొమ్మిది ఉన్నాయి. రద్దు చేయబోయి, తడి వేలితో మళ్ళీ పంపే మీటే నొక్కాడు. రెండో విడత కార్లు సందు అటు చివరినుంచి దిగాయి. మధ్యలో ఇరుక్కున్న పాలబండివాడు దిగివచ్చి, ఇంట్లో పెళ్ళా అని అడిగాడు.

"అర నిమిషం పని అన్నారుగా" అంది భార్య.

"అర నిమిషమే పట్టింది" అన్నాడు అల్లుడు.

మామగారు గడియారం చూసుకుని, దగ్గరున్న కారెక్కారు. ఆయన్ని చూసి వరసలో పేరున్నవాళ్ళందరూ తలో కారూ ఎక్కేశారు. చేతికర్ర డ్రైవరు మాత్రం ఖాళీగా వెళ్ళనన్నాడు. కర్రను వెనక సీట్లో ఆనించి బెల్టు కూడా పెట్టాడు. ముందుకు దారి లేక బారంతా వెనక్కి నడిచింది. దాంతో చివరనున్న ఆ కారే ముందయింది. తిరిగే చోటు లేక రెండో విడత కూడా వెంటబడింది.

అన్ని కార్లు చూసి ఆఫీసు కాపలావాడు ఎవరో పెద్దాయన వస్తున్నాడనుకుని రెండు గేట్లూ తెరిచి సెల్యూట్ కొట్టాడు. పై అధికారి మెట్లు దిగి పరుగున వచ్చి, మొదటి కారు తలుపు తీసి వంగి నమస్కరించారు. లోపల చేతికర్ర ఉంది.

రెండో కారులోంచి మామగారు దిగారు. ఇంకా టైముంది.

అల్లుడు స్కూటరు ఆపి, తిట్లు తినడానికి సిద్ధపడి దగ్గరికి వెళ్ళాడు. అత్తగారు కునుకు తీసి తేటగా ఉన్నారు. దారి పొడవునా పోట్లాడుకునే పిన్నీ బాబాయీ, కొత్తగా పరిచయమైనవాళ్ళలా నవ్వుకుంటున్నారు. మామగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"దారంతా ఉపన్యాసం చూసుకున్నాను నాయనా. ఒక్కరూ దిద్దలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు కూడా ఇలాగే తెంచు."

అల్లుడు గర్వంగా భార్యవైపు చూశాడు. ఆవిడ మొహం తిప్పుకుంది. అత్తగారి వరసలో తమ పేర్లు లేక, ఒకే బండి మీద వచ్చిన జంట వాళ్ళొక్కరే.