మేనేజరుగారి అమ్మ వెనక వరుస

ఆ పొద్దున మేనేజరుగారు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి బ్యాంకుకు వెళ్లారు. అది లేకపోతే ఆయనకు మనిషికీ స్తంభానికీ తేడా తెలియదు. దాన్ని ఇచ్చేసి, వచ్చేటప్పుడు దారపు ఉండ కొనుక్కుందామని ఆయన తల్లి బయల్దేరింది. వీధిలో ఆమెను అందరూ పెద్దమ్మగారంటారు.

మంచు దట్టంగా పట్టింది. బ్యాంకు అద్దాల తలుపుకు లోపల గడియ వేసి ఉంది. తీస్తారులే అని ఆమె మెట్టు మీద నిలబడింది.

కాసేపటికి వెనక ఎవరో ఊపిరి తీసిన చప్పుడైంది. పళ్లమ్మే ఆవిడ. ఆమె వెనక సెలూను అతను. ఆపైన మంచులో తలలు కనిపించలేదు కానీ, చెప్పుల చప్పుడు ఒక్కొక్కటే వచ్చి ఆగడం వినిపిస్తూనే ఉంది. పోయిన నెల పక్కవీధి బ్యాంకు జనం డబ్బుతో సహా మూతపడి, ఒక పొద్దున తెరుచుకోలేదు. అప్పటినుంచి బ్యాంకు మాటెత్తితే జనానికి ఒళ్లు మండుతోంది. ఇప్పుడు మేనేజరు కన్నతల్లే తన డబ్బు తీసుకుందామని తలుపు తీయకముందే వచ్చి నిలబడిందంటే ఇంక అడగడానికేముంది?

సంగతి పెద్దమ్మగారికి అర్థమైంది. డబ్బు తగ్గితే బ్రాంచి మూసేస్తామనీ, కొడుకు ఉద్యోగం ఉండదనీ పైవాళ్లు ఇదివరకే చెప్పారు.

"కళ్లజోడు ఇవ్వడానికొచ్చానమ్మా, అంతే," అని చూపించింది.

"అలాగేనండి," అంది పళ్లావిడ మెల్లగా. "మేం ఎవరికీ చెప్పం."

ఆ మాట గుసగుసగా వరుస చివరిదాకా పోయింది. పెద్దమ్మగారు నీరసమొచ్చి మెట్టు మీద కూర్చుంది. వెనక అందరూ కూర్చున్నారు. లేచింది. అందరూ లేచారు.

లోపల మేనేజరుగారికి అద్దంలోంచి బూడిదరంగు ఆకారాలు ఒక్కసారిగా లేవడం కనిపించింది. బ్యాంకులు ఎత్తేయాలని ధర్నా చేస్తానని ఆయన కూతురు కాలేజీలో చేరినప్పటినుంచీ బెదిరిస్తోంది. ఇది అదేననుకుని ఫోను చేసి, మీవాళ్లను తీసుకుపొమ్మని బతిమాలారు.

"మావాళ్లయితే అరుస్తారు నాన్నా," అంది కూతురు. "అరవడం లేదంటే వాళ్లు నీవాళ్లే."

ఆయన హడలిపోయి షట్టరు లాగించారు. దాంతో జనానికి ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది. వీధి వీధంతా వచ్చి చేరింది. ఒక్క రాయి పడలేదు, ఒక్క తిట్టు వినబడలేదు. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక చివరికి ఆయనే తెరిచి, తల్లి చేతిలోని కళ్లజోడు అందుకుని, అడిగినవాళ్లకు అడిగినంతా ఇచ్చేశారు. ప్రతివారూ తీసుకుని, ఆయన వంక జాలిగా చూసి వెళ్లారు.

కొడుకు ఉద్యోగం తన చేతులతోనే ఊడగొట్టానని కళ్లు తుడుచుకుంటూ పెద్దమ్మగారు ఇంటిదారి పట్టింది. వెనక చెప్పుల చప్పుడు. ఆమె ఆగింది. చప్పుడూ ఆగింది. తిరిగి చూడటానికి ధైర్యం చాల్లేదు. ఇంట్లోకి వెళ్లి తలుపు ఓరగా తీసి చూస్తే, పొద్దుటి వరుస అదే క్రమంలో గుమ్మం ముందు నిలబడి ఉంది.

"ఇంట్లో పెట్టుకుంటే దొంగల భయమండి," అంది పళ్లావిడ, సంచి ఆమె చేతిలో పెడుతూ. "బ్యాంకును నమ్మలేం. మీరే దాచండి."

"నేనేం చెప్పలేదు కదమ్మా."

"అందుకేనండి."

మధ్యాహ్నానికి మంచం డబ్బు సంచులతో నిండిపోయింది. బ్యాంకులు కూలాలన్న మనవరాలే బల్ల వేసుకుని అట్టముక్కల టోకెన్లు పంచుతోంది. ఇంతలో మేనేజరుగారు చెమటలు కక్కుతూ వచ్చి, ఆ డబ్బంతా తన బ్రాంచిలో వేయమనీ, లేకపోతే సాయంత్రానికి తన కుర్చీ ఉండదనీ తల్లిని వేడుకున్నారు. ఆమె సరేననబోయింది. వరుస వరుసంతా తల తిప్పి ఆమె వంక చూసింది. ఆమె ఇంకో సంచి అందుకుని మంచం మీద పెట్టింది.

"టోకెన్ తీసుకో నాన్నా," అంది కూతురు. "నాయనమ్మ ఆలోచించి చెబుతుంది."

మేనేజరుగారు వెళ్లి వరుస చివర నిలబడ్డారు. ఆయన వంతు వచ్చేసరికి, భోజన విరామమని తలుపు వేశారు.