వెయ్యేళ్ళకి ఒక అంగుళం

ఆ ఆదివారం పొద్దున టీ చల్లారేలోగా పిల్లలకి ప్రపంచ చరిత్ర పాఠ్యప్రణాళిక ఒకటి ఎంచేసుకోవాలని భార్యాభర్తలిద్దరూ గట్టిగా అనుకున్నారు. టీ మూడుసార్లు వేడిచేయాల్సి వచ్చింది.

భార్య అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగి. అప్పటికే ఏడుగురు ప్రచురణకర్తల నమూనా పుస్తకాలు తెప్పించి, ఏడింటినీ ఎర్ర సిరాతో రక్తసిక్తం చేసింది. ఒకదాంట్లో ఒక రాజు చనిపోయిన పదేళ్ళకి పెళ్ళి చేసుకున్నాడు. భర్త రోడ్ల కొలతలు తీసే సర్వేయరు. ఆయనకి తప్పులతో పేచీ లేదు, మొదలుతోనే పేచీ.

"అన్నీ రాజుల దగ్గరే మొదలెడతాయేంటి? అంతకుముందు మనుషుల్లేరా?"

"ఉన్నారు మహానుభావా! శుక్రవారం విద్యాశాఖ పర్యవేక్షకురాలు వస్తుందిగా, ఆవిడకి మీరే చెప్పండి."

ఈ వెటకారం కింద భయం ఉంది. చిన్నకూతురు బడిలో ఉన్న ఏడాదంతా చివరి బెంచీలో కూచుని ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో చదివించడం మొదలుపెట్టాకే నోరు విప్పింది, ఇప్పుడు మూయించడమే కష్టంగా ఉంది. శుక్రవారం ఆవిడ 'చరిత్ర బోధన సరిగా లేదు' అని రాస్తే ఇంటిచదువుకి అనుమతి రద్దు, ఆరేళ్ళ పిల్ల మళ్ళీ ఆ చివరి బెంచీకి.

"పుస్తకం నువ్వు ఎంచుకో. ఈలోగా నేను గోడ మీద ఒక గీత గీస్తా, అంతే" అన్నాడు భర్త.

సర్వేయరు చేతికి టేపు వచ్చాక 'అంతే' అనేది ఉండదు. వెయ్యేళ్ళకి ఒక అంగుళం చొప్పున లెక్క పెట్టాడు. హాల్లో స్విచ్ బోర్డు పక్కన 'ఇవాళ' అని రాశాడు. మనుషులకి రాయడం వచ్చిన కాలమంతా, ఏడుగురు ప్రచురణకర్తల రాజులతో సహా, ఐదంగుళాల్లో సర్దుకుంది. గోడ అయిపోయేసరికి లక్షన్నర ఏళ్ళే గడిచాయి, మొదటి మనుషులింకా చాలా దూరంలో ఉన్నారు.

"ఆ కొలతేదో తగ్గించొచ్చుగా!" అంది భార్య.

"తగ్గిస్తే రాజులు కనబడరు."

కాబట్టి సోమవారం పెద్దకూతురు టేపు కొస పట్టుకుంది, చిన్నది కొయ్య మేకులు మోసింది, తండ్రి ఆఫీసు టోపీతోనే వీధిలోకి దిగి, ప్రహరీల వెంబడి మేకులు దిగ్గొట్టుకుంటూ బయల్దేరాడు. మూడో ఇంటి పిన్నిగారు, రిటైరైన నర్సు, గేటు పట్టుకుని చూసింది.

"ఏం బాబూ, ఎక్కడిదాకా పోతుందిది?"

"ఇంకా సగం కూడా కాలేదు పిన్నిగారూ. మూలిల్లు కూడా దాటిపోతుంది."

"అయ్యో! ఆపడానికి వీల్లేదా?"

"ఇప్పుడెవరాపగలరండీ? ఎప్పుడో అయిపోయిందిగా."

ఆయన ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అదే కొంప ముంచింది.

వీధి వెడల్పు చేస్తున్నారని మంగళవారానికి అందరికీ తెలిసింది. ఎవరి ఇల్లు ఎన్ని అడుగులు పోతుందో బుధవారానికి తెలిసింది. మూలింటాయన, ఒకప్పటి హెడ్ క్లర్కు, ఒక కమిటీ వేసి తనే అధ్యక్షుడైపోయాడు. గురువారం కమిటీవాళ్ళు మేకులు పీకేస్తే, ఏ ఆకతాయిల పనో అనుకుని సర్వేయరు మళ్ళీ ఇంకా లోతుగా దిగ్గొట్టాడు. అప్పటిదాకా ఊగిసలాడుతున్నవాళ్ళు కూడా కమిటీలో చేరిపోయారు. కొత్తగా తెప్పించిన ఎనిమిదో నమూనాలో తల దూర్చిన భార్యకి ఇవేవీ పట్టలేదు.

శుక్రవారం పదింటికి పర్యవేక్షకురాలి ప్రభుత్వ వాహనం వీధిలోకి తిరిగిందో లేదో, నలభైమంది చుట్టుముట్టారు.

"ముందు మమ్మల్ని పడగొట్టి, ఆ తర్వాత ఇళ్ళు పడగొట్టండి!" అన్నాడు మూలింటాయన.

"నేను చరిత్ర పాఠాలు చూడటానికి వచ్చానండీ" అందావిడ బిక్కమొహం వేసి.

"ఇలాంటి కబుర్లు చాలా విన్నాం!"

సర్వేయరు పరుగెత్తుకొచ్చి, "రోడ్డు కాదండీ, నేను కొలిచింది..." అనబోయాడు.

"కొలిచాడట! ఒప్పేసుకున్నాడు!" అని కేకలు లేచాయి.

తల్లి గేటు దగ్గర కొయ్యబారిపోయింది. అయిపోయింది, ఇక చివరి బెంచీ ఖాయం అనుకుంది.

అప్పుడు చిన్నది వాకిలి మెట్టెక్కి అరిచింది.

"మీ ఇళ్ళెవరూ పడగొట్టరు! అది రోడ్డు కాదు, పాతకాలం!"

నలభై నోళ్ళూ మూతపడ్డాయి. ఆ పిల్ల పర్యవేక్షకురాలి వేలు పట్టుకుని, మొత్తం కమిటీని వెంటేసుకుని వీధి చివరి మేకు దగ్గరికి నడిచింది.

"ఇక్కడ రాళ్ళు చెక్కడం నేర్చుకున్నారు. ఇరవయ్యైదు లక్షల ఏళ్ళ కింద" అంది. అక్కణ్ణుంచి వెనక్కి నడిచి మూడో ఇంటి ముందు ఆగింది. "ఇక్కడ నిప్పు. పది లక్షల ఏళ్ళ కింద. అటూ ఇటూగా."

"మా గేటు దగ్గరేనా?" అంది పిన్నిగారు, మొహం చాటంత చేసుకుని.

చివరికి హాల్లోకి తీసుకొచ్చి, స్విచ్ బోర్డు పక్కన గోడకి అరచెయ్యి ఆనించింది. "రాజులందరూ నా చేతికింద పట్టేస్తారు."

తల్లికి ఏడుపు ఆగలేదు. అందరి ముందూ ఏడ్చేసింది, సంతోషంతో.

పర్యవేక్షకురాలు కాసేపు ఆ చిన్న చేతినే చూసి, అనుమతి పత్రం మీద సంతకం పెట్టింది. "ఇంతకీ ఏ పాఠ్యప్రణాళిక వాడుతున్నారు?"

"ఇంకా ఎంచుకోలేదండీ" అంది తల్లి, తప్పు చేసినదానిలా.

"ఎంచుకోకండి" అందావిడ.

కమిటీ అక్కడికక్కడే రద్దయింది. మర్నాటి నుంచి పిన్నిగారు వచ్చినవాళ్ళందరికీ తన గేటు పక్క మేకు చూపించడం మొదలుపెట్టింది. మూలింటాయన మాత్రం, తన ప్రహరీ పొడవునా మూడు లక్షల ఏళ్ళపాటు ఏమీ జరగలేదంటే ఒప్పుకునేది లేదని విద్యాశాఖకి అర్జీ పెట్టుకున్నాడు.