మబ్బు పట్టిన గొట్టం

తొమ్మిదింటికి ఇల్లు కదలాలి, పదింటికి ఉద్యోగాల కమిటీ ముందు చిన్న గాజు గొట్టం పెట్టి నాలుగు ముక్కలు మాట్లాడాలి. జీవశాస్త్రం చదివిన కోడలి పథకం ఇంతే. పర్మనెంటు ఉద్యోగమంతా ఆ గొట్టం మీదే ఆధారపడి ఉంది. అందులో మూడు నెలలు కష్టపడి తయారుచేసిన ప్రొటీన్ ద్రవం. చల్లగా ఉన్నంతసేపూ కంటికి ఆననంత చిన్న బొట్లు ఏర్పడి మబ్బుగా ఉంటుంది, వెచ్చబడితే బొట్లు కరిగిపోయి తేటపడుతుంది. గొట్టాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి, ఐసు నింపిన ఫ్లాస్కులో దించి, ఆమె తయారవడానికి వెళ్లింది. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మామగారు ముప్పై ఐదేళ్లు మందుల షాపు నడిపిన మనిషి. మబ్బు పట్టిన మందు పాడైనట్టే అన్నది ఆయన సడలించని సూత్రం. ఫ్లాస్కు మూత సరిగ్గా బిగించిందో లేదో చూద్దామని తెరిస్తే మబ్బు పట్టిన గొట్టం కనబడింది. పాపం, పిల్ల పదిమందిలో తలదించుకోవాల్సి వస్తుందని ఆయన మనసు కలుక్కుమంది. వెంటనే ఐసు ఒంపేసి వెచ్చటి నీళ్లు పోశారు. నిమిషంలో గొట్టం అద్దంలా తేటపడింది. మూత బిగించి, చేసిన ఉపకారం చెప్పుకోవడం ఇష్టంలేక పేపరు చదువుతూ కూర్చున్నారు.

అయిదుగురు పెద్దల ఎదుట ఫ్లాస్కులో చేయి పెట్టగానే వెచ్చటి నీళ్లు తగిలి ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. ఎక్కువ వేడి తగిలితే ప్రొటీన్ గుడ్డులా ఉడికిపోతుంది, ఇక మళ్లీ మామూలుగా మారదు. గొట్టం బల్లమీద పెట్టి, అనుమతి అడిగి, ఇంటికి ఫోను చేసింది. కంగారులో స్పీకరు నొక్కేసింది.

"నా ఫ్లాస్కు ఎవరు ముట్టుకున్నారండీ?"

తను ముట్టుకోలేదనీ, పొద్దున ఫోను ఛార్జింగుకని ఫ్రిజ్ ప్లగ్గు పీకిన మాట మాత్రం నిజమేననీ భర్త ఒప్పుకున్నాడు. మోకాలి నొప్పికి ఫ్లాస్కులోంచి రెండు ఐసు ముక్కలు తీసుకున్నానని అత్తగారు వెనకనుంచి అందుకున్నారు. కమిటీ వాళ్లు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. అప్పుడు ఒక దగ్గు వినిపించింది.

"నేనేనమ్మా. మబ్బు పట్టి ఉంటే బాగుచేశాను."

"నీళ్లు ఎంత వేడి మామయ్యగారూ?"

"ముప్పై ఏడు. థర్మామీటరు పెట్టే చూశాను. కొలవకుండా నేనేం చేస్తాను?"

మన ఒంటి వేడి అంతే. ప్రొటీన్ ఉడకలేదు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఈలోగా కమిటీ పెద్దాయన బల్లకేసి వేలు చూపించారు. ఏసీ చల్లదనానికి గొట్టం వాళ్ల కళ్లముందే మెల్లగా మబ్బు పడుతోంది.

"ఇది పాడవుతోందా?" అన్నారాయన.

"లేదండీ, పనిలోకి దిగుతోంది," అంది ఆమె. కణంలో చాలా గదులకు గోడలుండవని, పని పడినప్పుడు ప్రొటీన్లలో కావలసినవాళ్లంతా ఒక బొట్టుగా చేరతారని, అది కాగానే ఎవరిదారిన వాళ్లు విడిపోతారని చెప్పింది. ఫోను చుట్టూ చేరిన మీ ఇంటివాళ్లలాగా అన్నమాట, అని ఒకాయన తేల్చారు. మిగతా అభ్యర్థులంతా బొమ్మలు చూపించి వెళ్లారు. బొట్లు పుట్టడం కళ్లారా చూపించింది ఈమె ఒక్కతే. ఉద్యోగం ఆమెకే వచ్చింది.

ఆ సాయంత్రమే మామగారు ఫ్రిజ్ తలుపుకు చీటీ అంటించారు: "మబ్బుగా ఉన్నవాటిని ఎవరూ ముట్టుకోరాదు." వారం కిందటి నిమ్మరసం ఇంకా అందులోనే ఉంది.