లేని సంచిని మార్చిన విధానం

క్షమాపణను ఒక పరిశ్రమ స్థాయికి తీసుకువెళ్లిన సంస్థ ప్రపంచంలో ఒక్కటే ఉంది. అది జపానుకు చెందిన తకెమురా మోటార్స్. మిగతా కంపెనీలు ముందు కార్లు తయారుచేసి, తరువాత అవసరాన్ని బట్టి విచారం వ్యక్తం చేస్తాయి. తకెమురా వారు ముందు విచారం వ్యక్తం చేయడం నేర్చుకుని, ఆ తరువాత కార్లలోకి దిగారు.

ఈ చరిత్ర వారి బళ్లారి షోరూమ్ గోడమీద ఆరు ఫోటోలతో సహా కన్నడంలోను, ఇంగ్లీషులోను రాసి ఉంది. (తెలుగులో లేదు. తెలుగువాళ్లు గోడలు చదవరని సర్వేలో తేలిందట.) తొంభై ఏళ్ల కిందట తకెమురా పెద్దాయన బావులకు చేతిపంపులు చేసి అమ్మేవాడు. ఒక పంపు కారుతోందని కబురొచ్చింది. ఆయన మంచులో రెండు రోజులు నడిచి ఆ పంపు కొన్న రైతు ఇంటికి వెళ్లి, వాకిట్లో తలవంచి నిలబడ్డాడు. రైతు ఇంట్లో లేడు. వచ్చేదాకా నాలుగు గంటలు పెద్దాయన తల ఎత్తలేదు. రైతు వచ్చి, కారుతున్నది పంపు కాదని, కింద పెట్టిన బిందెకు చిల్లు పడిందని చెప్పాడు. పెద్దాయన బిందె తరఫున కూడా క్షమాపణ చెప్పి వెనుదిరిగాడు.

అటువంటి వంశంలో పుట్టిన కారు చెడిపోదు. కూరెకుప్ప రోడ్డు మీద ఖనిజం లారీల వెనక ఒక ఎండాకాలం తిరిగితే ఏ బండైనా తన అసలు రంగు మరిచిపోతుంది. తకెమురా బండ్లు రంగు మరిచాయి గాని పని మరవలేదు. దీనికి సజీవ సాక్ష్యం కౌల్ బజార్‌లో ఉండే హులిగప్ప వ్యాను.

హులిగప్ప ఇరవై ఏళ్లు శివరామకృష్ణయ్య గారి దగ్గర డ్రైవరు. శివరామకృష్ణయ్య గారిది గోదావరి జిల్లా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించిన కుటుంబం. ఆయన 2004లో కొన్న తకెమురా 'సొరానో' వ్యానును, పొలం కొడుకులకు అప్పగించి బళ్లారి గాంధీనగర్‌కు మారినప్పుడు, హులిగప్పకే ఇచ్చేశారు. అప్పటి నుంచి హులిగప్ప అందులో కూలి ఆడవాళ్లను తెల్లారగానే కాలువ కింది పొలాలకు తీసుకువెళ్లి, సాయంత్రం తీసుకువస్తున్నాడు. మొత్తం పదకొండుమంది. (ఏడుగురు పట్టే బండిలో పదకొండుమంది ఎలా పట్టారన్నది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.) కూలి గుంపుకు మేస్త్రి హులిగప్ప సొంత అక్క యంకమ్మ. ఆమె ముందు సీట్లో కూర్చుంటుంది, పక్కన ఇంకొకామెను ఇరికించుకుని.

ఆగస్టులో, నాట్లు జోరుగా పడుతున్న వారం, హులిగప్పకు తకెమురా వారి నుంచి జాబు వచ్చింది. మొదటి పేజీ మొత్తం క్షమాపణ. రెండో పేజీలో విషయం. సొరానో వ్యానుల స్టీరింగులో అమర్చిన ఎయిర్‌బ్యాగ్, అంటే బండి గుద్దుకున్నప్పుడు ఉబ్బి డ్రైవరును కాపాడే సంచి, దానంతట అదే పేలే అవకాశం కోటికి ఒకసారి ఉన్నదని కనుగొన్నారు. అందువల్ల ప్రపంచంలోని మూడు లక్షల సొరానోలను వెనక్కి పిలిచి సంచి ఉచితంగా మారుస్తారు. మార్చేదాకా బండిని ఒక్క మీటరు కూడా నడపరాదు. షోరూమ్‌కు సైతం నడిపి తేరాదు. వారే లారీ పంపుతారు.

లారీ వచ్చింది. తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఇద్దరు వ్యానును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎక్కించుకుపోయారు. వీధి వీధంతా బయటికి వచ్చి చూసింది. హులిగప్పకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

"రెండు గంటల పనంట అక్కా. రేపు పొద్దున నేనే వస్తా," అని యంకమ్మకు చెప్పాడు.

రెండు గంటల్లోనే మెకానిక్ స్టీరింగు విప్పాడు. లోపల సంచి లేదు. ఎప్పుడూ లేదు. అది అన్నిటికన్నా తక్కువ ధర మోడల్.

సర్వీసు కౌంటర్‌లో మంజుశ్రీ అనే అమ్మాయి కంప్యూటర్ తెరను హులిగప్ప వైపు తిప్పి చూపించింది. అందులో మూడు గడులు ఉన్నాయి. సంచి మార్చబడినది. యజమాని నిరాకరించాడు. వాహనం నాశనమైనది.

"సంచి లేదని రాసేదానికి గడి యాడుండాదమ్మా?"

"ఆ ఆప్షన్ ఇల్లన్నా. కొట్టిల్ల వాళ్లు." అటువంటి గడి కంపెనీ వాళ్లు ఇవ్వలేదని ఆమె కన్నడం కలిపి చెప్పింది.

"అయితే మార్చినామని కొట్టేయమ్మా. లేనిదే గదా, మార్చినా ఒగటే, మార్చకపోయినా ఒగటే."

ఈ మాట లోపల గదిలో కూర్చున్న మేనేజరు హరిబాబుకు వినిపించింది. ఆయన లేచి వచ్చాడు. మర్యాదస్తుడు, కాలువ కింది ఆంధ్రా రైతుల క్యాంపులో పుట్టి పెరిగినవాడు, కంపెనీ చరిత్ర మీద అపారమైన గౌరవం కలవాడు.

"అలా అనకండి హులిగప్ప గారూ. మార్చామని కొడితే తీసిన పాత సంచిని పెట్టెలో పెట్టి జపాన్ పంపాలి. అక్కడ తూకం వేస్తారు. తొంభై ఏళ్లలో ఈ కంపెనీలో ఒక్క అబద్ధం నమోదు కాలేదండీ. అది బళ్లారిలో మొదలవ్వాలా?"

"అట్లయితే నేను వద్దన్నానని రాయండి సార్. నా బండి నాకియ్యండి, పోతా."

"నిరాకరించినవారికి బండి తిరిగివ్వకూడదండీ. మీ ప్రాణాల మీద మాకు బాధ్యత ఉంటుంది."

మిగిలింది మూడో గడి. హరిబాబు గొంతు తగ్గించి, నాశనమైనదని సంతకం పెడితే కొత్త మోడల్ మీద ప్రత్యేక తగ్గింపు ఇప్పిస్తానని చెప్పాడు. హులిగప్ప అద్దాల అవతల నిలబడి ఉన్న వ్యానును చూశాడు. ఎవరో దాన్ని కడిగి ఉంచారు. దాని అసలు రంగు నీలమని ఆయనకు చాలా ఏళ్ల తరువాత గుర్తొచ్చింది.

"బతికిండేదాన్ని సచ్చిందని ఎట్ల రాసేది సార్," అన్నాడు.

మరుసటి రోజు హులిగప్ప శివరామకృష్ణయ్య గారిని వెంటబెట్టుకుని వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ల ఆ పెద్దమనిషి కౌంటర్ ముందు కుర్చీలో కూర్చుని స్పష్టంగా చెప్పారు.

"అమ్మాయ్, కొన్నది నేను. సంచి ఉన్న మోడల్ కూడా చూపించారు. మేం పొలానికి వెళ్లేవాళ్లం, మాకెందుకులే అన్నాను. లేదని కాగితం మీద రాసిస్తాను, సరిపోతుందా?"

రాసిచ్చారు కూడా. మంజుశ్రీ దాన్ని స్కాన్ చేసి పంపింది. కంపెనీ నుంచి ఆరు గంటల్లో జవాబు వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట శివరామకృష్ణయ్య గారికి సంచి అవసరం లేదనిపించేలా ప్రవర్తించినందుకు క్షమాపణ చెప్పారు. యజమాని వాంగ్మూలం సాంకేతిక ఆధారం కిందికి రాదని చివరి వాక్యంలో తెలిపారు.

ఈలోగా నాట్లు ఆగవు. యంకమ్మ గుంపు హంపేశ్ అనే అతని ఇరవై ఏళ్ల నాటి గూడ్స్ టెంపో ఎక్కడం మొదలుపెట్టింది. హంపేశ్ సిమెంటు బస్తాలు తోలే మనిషి. నాట్ల కాలంలో బస్తాల చోట మనుషులను తోలుతాడు. ఇరవై ఎనిమిదిమంది నిలబడి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని ప్రయాణం. బ్రేకు రెండుసార్లు తొక్కితే ఒకసారి పడుతుంది. వెనక మూసే పలక, అంటే డాలా, కొక్కెం ఎప్పుడో పోతే తాడుతో కట్టాడు. ఆ టెంపోను ఏ సంస్థా వెనక్కి పిలవలేదు కనుక నడపడానికి దానికి ఏ ఆటంకమూ లేదు.

హులిగప్ప రోజూ షోరూమ్‌కు వెళ్లి కూర్చునేవాడు. అక్కడ ఏసీ ఉంది. వెళ్లిన ప్రతిసారీ కాఫీ ఇచ్చి, అసౌకర్యానికి క్షమాపణ చెప్పేవారు. ఐదోరోజు ఆయన మంజుశ్రీతో అన్నాడు.

"అమ్మా, మా అక్కోళ్లు టెంపోలో నిలబడి పోతాండారు. ఏదో ఒగటి చేయమ్మా."

మంజుశ్రీ మంచి పిల్ల. సాయంత్రం ఇంటికి పోకుండా కూర్చుని, కంపెనీ నియమావళి నాలుగు వందల పేజీలు చదివింది. మూడు వందల పన్నెండో పేజీలో దారి దొరికింది. సంచి లేకపోతే తీయడం కుదరదు. కాని ఒక లోపం ఉన్న సంచిని ముందు అమర్చి, దాన్ని తీసి, కొత్తది ఇస్తే, మార్చబడినది అన్న గడి అక్షరాలా నిజమవుతుంది. హరిబాబు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంత నిజాయితీ గల పరిష్కారాన్ని తన సర్వీసులో చూడలేదన్నాడు.

చిక్కల్లా, లోపం ఉన్న సంచులన్నిటినీ అప్పటికే ధ్వంసం చేశారు. దక్షిణ భారతదేశంలోని తకెమురా షోరూములన్నీ ప్రమాదకరమైన సంచి కోసం వెతికాయి. ప్రకటన కూడా ఇచ్చారు. చివరికి హుబ్బళ్లి దగ్గర తుక్కు కొట్టులో ఒకటి ఉందని తెలిసింది. అది పేలే వీలున్న వస్తువు కాబట్టి తేవడానికి ప్రత్యేక వాహనానికి, ప్రత్యేక అనుమతికి దరఖాస్తు చేశారు.

అనుమతి వచ్చిన రోజే, పదకొండో రోజు, కాలువ వంతెన మలుపులో హంపేశ్ రెండోసారి బ్రేకు తొక్కేలోపు టెంపో ఒక పక్కకు ఒరిగింది. డాలా తాడు తెగింది. ముగ్గురు కింద పడ్డారు. దుర్గక్క, మహాదేవి బురదలో పడి గీరుకుపోయి లేచారు. యంకమ్మ వంతెన రాయి మీద పడింది. కుడి భుజం ఎముక విరిగింది.

హులిగప్ప ఆసుపత్రికి వెళ్లేసరికి అక్క భుజానికి కట్టు కట్టి ఉంది. ఆయన మంచం పక్కన నిలబడ్డాడు.

"ఏంటికప్పా ఆ మొగం. నువ్వు తోసినావా?" అంది యంకమ్మ. "నాట్లు ఇంకా నాలుగు దినాలుండాయి. కూలి ఎవురు పట్టుకుంటారో చూడు."

"నేను బండి ఇయ్యకుండా ఉండాల్సింది అక్కా. జాబు చింపి పారేసింటే అయిపోయిండేది."

"అంత పెద్ద కంపెనీ వాళ్లు బండి మంచిది గాదు అంటే, నువ్వెట్ల నడుపుతావు మమ్మల్ని పెట్టుకోని," అంది ఆమె. అదే ఆయనకు ఎక్కువ నొప్పి పుట్టించింది.

ప్రమాదం సంగతి మంజుశ్రీ ద్వారా కంపెనీకి తెలిసింది. ఆ మధ్యాహ్నమే టోక్యో నుంచి మూడు ఫోన్లు వచ్చాయి. గాయపడినది తకెమురా వాహనంలోనా అని అడిగారు. కాదని తెలిసి ఊపిరి పీల్చుకున్నారు. అయినా ఒక అధికారిని పంపుతామన్నారు. కారణం వేరే ఉంది. మూడు లక్షల వ్యానులలో రెండు లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది పూర్తయ్యాయి. ప్రపంచంలో మిగిలింది హులిగప్పది ఒక్కటే.

నోజిమా అనే ఆ అధికారి నల్ల సూటులో, యాభై దాటిన వయసులో, బళ్లారి ఎండలో దిగాడు. హులిగప్పను, కట్టుతో ఉన్న యంకమ్మను షోరూమ్‌కు పిలిపించారు. నోజిమా వారి ముందు నడుము వంచి, నేల చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. యంకమ్మకు కంగారు పుట్టింది.

"ఆయప్పకు నడుము పట్టుకునిందేమో చూడండప్పా," అంది.

"క్షమాపణ అమ్మా," అన్నాడు హరిబాబు.

"ఏంటికి?"

హరిబాబు ఇంగ్లీషులో అడిగాడు, నోజిమా చెప్పాడు, హరిబాబు తెలుగులో చెప్పాడు. లోపం ఉన్న సంచి మీ బండిలో లేకపోవడం వల్ల కలిగిన జాప్యానికి అట.

యంకమ్మ హరిబాబు వైపు తిరిగింది. "సార్‌ను ఒగ మాట అడగండి. మేం పడిన టెంపోకి బ్రేకు లేదు, డాలా లేదు. నిన్న గూడా ముప్పైమందిని ఎక్కించుకోని పోయినాడు. దాన్ని ఎవురూ వెనక్కి పిల్చేది లేదా?"

ఈ ప్రశ్న తర్జుమా అయ్యాక నోజిమా ముఖంలో మొదటిసారి మార్పు కనిపించింది. ఆ టెంపో మీద ఎన్ని ఫిర్యాదులు నమోదయ్యాయని అడిగాడు.

"ఒక్కటీ లేదు," అన్నాడు హరిబాబు.

నోజిమా చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఇరవై ఏళ్ల నాటి టెంపో మీద ఒక్క ఫిర్యాదు కూడా లేని ఆ తయారీదారు పేరు తెలుసుకోవాలని ఉందన్నాడు. తకెమురా వారు ఇంకా నేర్చుకోవలసింది ఉందన్నాడు.

హులిగప్ప ముందుకు వచ్చి, "ఫిర్యాదు ఎవురికి చేయాలో మాకు తెల్దు సార్. మీ మాదిరి జాబు రాసేవాళ్లు వానికి లేరు," అన్నాడు. ఇది తర్జుమా కాలేదు. మంజుశ్రీ తల దించుకుంది.

మరునాడు హుబ్బళ్లి సంచి వచ్చింది. దాన్ని స్టీరింగులో పెట్టి ఫోటో తీశారు. తీసి మరో ఫోటో తీశారు. పెట్టెలో పెట్టి జపాన్ పంపారు. కొత్త సంచి బిగించబోతే, ఆ మోడల్‌లో దానికి కావలసిన తీగలు లేవని తెలిసింది. అయినా బిగించేశారు. తీగలు లేని సంచి ఎటు ఉబ్బుతుందో చెప్పలేం కాబట్టి, నియమావళి ప్రకారం ముందు సీట్లో డ్రైవరు పక్కన ఎవరూ కూర్చోరాదని పసుపు చీటీ అంటించి, ఆ సీటుకు బెల్టుతో తాళం వేశారు. మంజుశ్రీ గడి నొక్కింది. హరిబాబు చప్పట్లు కొట్టాడు.

హులిగప్ప వ్యాను తెచ్చుకున్నాడు. కడిగినందువల్ల అది నీలంగా మెరిసింది. తాళం విరగ్గొడదామని రెండుసార్లు స్పానరు పట్టుకున్నాడు గాని, ఆ సంచి నిజంగానే పేలితే పక్కనున్న ఆడమనిషి ఏమవుతుందోనని వదిలేశాడు. ఇన్నేళ్లలో ఆ బండి అంటే ఆయనకు భయం వేయడం అదే మొదటిసారి.

ఇప్పుడు వ్యానులో తొమ్మిదిమందే పడతారు. యంకమ్మ ఇంట్లోనే ఉంటోంది, చెయ్యి లేవడం లేదు. ఆమె చోట కొత్తగా చేరినామెతో కలిపి రోజుకు ఇద్దరు మిగిలిపోతారు. వాళ్లు హంపేశ్ టెంపోలో వెళ్తారు. పోట్లాట లేకుండా యంకమ్మ మంచం మీద నుంచే వంతులు వేసింది.

ప్రపంచంలోని సొరానో ప్రయాణికులందరూ ఇప్పుడు నూటికి నూరు శాతం సురక్షితమని తకెమురా మోటార్స్ ప్రకటించిన ఉదయం, టెంపో ఎక్కే వంతు దుర్గక్కది, మహాదేవిది.