దగ్గరుండి వేయించిన లైను

ఆ సెలవు రోజు పొద్దున పూలావిడ వేసుకున్న పథకంలో తవ్వకం అన్న మాటే లేదు. కర్టెన్లు ఉతికి ఆరేయాలి, వరండా కడగాలి, ప్రహరీ గోడ మీద పాకిన తీగ గులాబీకి ఎండుటాకులు ఏరేయాలి, సాయంత్రానికి శుభ్రంగా తయారై ఏమీ ఎరగనట్టు వరండాలో కూర్చోవాలి. అంతే.

సాయంత్రం మొక్కల సంఘం వాళ్లు వస్తున్నారు. ఊళ్లో పెరళ్లన్నీ చూసి, ఈ ఏటి మేటి మొక్క ఏదో తేల్చేది వాళ్లే. గెలిచిన వాళ్ల గేటుకి ఇత్తడి పలక తగిలిస్తారు. ఆ ఇంట్లో ప్రతిదానికీ ఎవరో ఒకరు యజమాని ఉన్నారు. ఇల్లు ఆయన కట్టించింది. వరండాలో పడక కుర్చీ అత్తగారిది. టీవీ రిమోటు ఎవరి చేతిలో ఉంటే వాళ్లది, అంటే మళ్లీ ఆయనదే. ఆ తీగ ఒక్కటే ఆవిడది. ఏడాది పొడుగునా గుత్తులు గుత్తులుగా పూసే ఆ తీగ వల్లే వీధి వీధంతా ఆవిడను పూలావిడ అంటుంది. గేటు మీద ఆయన పేరున్న బోర్డు కింద తన తీగ పేరుతో ఒక పలక ఉండాలని ఆవిడ కోరిక. ఎవరికీ చెప్పలేదు గానీ, మేకు కొట్టడానికి చోటు కూడా చూసిపెట్టుకుంది.

కర్టెన్లు నానబెట్టిన బకెట్టు బాత్రూంలో ఒంపగానే, లోపలికి వెళ్లాల్సిన నీళ్లు గుడగుడమంటూ పైకొచ్చి ఆవిడ కాళ్లను పలకరించాయి. వాటితో పాటు, ఎప్పుడో వదిలించుకున్నామనుకున్నవి కూడా కొన్ని తిరిగొచ్చాయి.

"టీ పొడి," అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండానే.

"ఏంటి టీ పొడి?"

"సింకులో పోస్తావుగా. ఎన్నిసార్లు చెప్పాను? అదంతా వెళ్లి పైపులో గట్టిపడిపోయింది."

పూలావిడకు ఒళ్లు మండిపోయింది. "నేను టీ పొడి సింకులో పోస్తానా? దాన్ని కడిగి, నీడలో ఆరబెట్టి, మొక్కకి వేస్తాను. ఈ ఇంట్లో టీ పొడికి జరిగే మర్యాదలో సగం నాకు జరగదు!"

"అయితే నూనె."

"నీళ్లు తన్నుకొచ్చింది బాత్రూంలో. నూనె వంటింట్లో. మధ్యలో గోడ దూకి వెళ్లిందా?"

"మావాడు ఊరికే ఏదీ అనడమ్మా," అంది పడక కుర్చీలోంచి అత్తగారు.

పైపుల మేస్త్రీ వచ్చాడు. మనిషి మంచివాడే. రెండే రెండు అలవాట్లు. ఏ పనైనా రెండు నిమిషాల్లో అయిపోతుందంటాడు. చివరగా ఎవరు మాట్లాడితే వాళ్లదే నిజమంటాడు. పొడవాటి స్ప్రింగు తీగను బాత్రూం కన్నంలోకి దింపి, అటూ ఇటూ తిప్పి, మొహం చిట్లించాడు.

"లోపలెక్కడో లైను విరిగింది సార్. తవ్వి మార్చేస్తే సరి. రెండు నిమిషాల పని. ఇంతకీ లైను ఎటు పోయింది?"

భర్త పేపరు మడిచాడు. ఈ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూస్తున్నవాడిలా లేచి నిలబడ్డాడు. "నన్నడుగు. ఈ లైను నేను దగ్గరుండి వేయించాను."

ఆ మాట ఆవిడ ఇల్లు కట్టినప్పటి నుంచీ వింటూనే ఉంది. ఆయన దగ్గర ఉన్న మాట అబద్ధం కాదు. ఇల్లు కడుతున్న రోజుల్లో ఆవిడే మధ్యాహ్నం ఫ్లాస్కు పట్టుకుని వచ్చేది. ఆయన దగ్గరే ఉండేవాడు, కుర్చీలో, మొహం మీద పేపరు కప్పుకుని.

"బాత్రూం నుంచి నేరుగా గేటుకి," అని భర్త చెయ్యి చాచి చూపించాడు.

"ఇళ్లన్నిటికీ అంతే సార్," అన్నాడు మేస్త్రీ.

"ఎక్కడైనా తవ్వుకో," అంది పూలావిడ, "గోడ పక్క నా తీగ జోలికి మాత్రం రాకు. ఇవాళ దాని ఆకు రాలినా ఊరుకోను."

"అటు లైను లేనే లేదులే," అన్నాడు భర్త.

"అటు ఎందుకుంటుందమ్మా," అన్నాడు మేస్త్రీ.

ఆ ఒక్క మాట మీద భార్యాభర్తలిద్దరూ ఏకమయ్యారు. ఆ ఇంట్లో అలాంటివి అరుదు.

మొదటి గొయ్యి గేటు దగ్గర. గడ్డపార నాలుగు పోట్లకే ఠంగుమంది. ఆ వెంటనే సన్నటి ధార ఒకటి నిటారుగా లేచి, గోతిలోకి వంగి చూస్తున్న భర్త గడ్డం కింద తగిలింది.

"ఇది మంచినీళ్ల లైను సార్!"

"నాకు తెలుసు," అన్నాడు భర్త, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "మనది దాని పక్కనే ఉంటుంది."

పక్కన లేదు. కింద కూడా లేదు. పరిగెత్తి వెళ్లి మోటారు కట్టేసి, వాల్వు తిప్పేశారు. ఇప్పుడు ఇంట్లోంచి పోవాల్సిన నీళ్లు పోవు, ఇంట్లోకి రావాల్సిన నీళ్లు రావు. సబ్బు నురగతో ఉన్న కర్టెన్లు బకెట్టులో అలాగే ఉండిపోయాయి. పూలావిడ మరి ఆలోచించకుండా సంఘం అధ్యక్షురాలికి ఫోన్ చేసింది.

"ఇవాళ కాకుండా ఇంకో రోజు వస్తారేమోనని అడుగుదామనీ... ఇక్కడంతా తవ్వుతున్నారండీ."

"తవ్విస్తున్నారా!" అధ్యక్షురాలి గొంతు ఆనందంతో కీచుమంది. "మేమొస్తున్నామని కొత్త మడులు కూడానా! ఎంత శ్రద్ధండీ మీకు! ముగ్గురమే వద్దామనుకున్నాం. అలా అయితే సభ్యులందర్నీ తీసుకొస్తాను, నేర్చుకుంటారు."

"అది కాదండీ, ఈ గోతులు..."

"ఏమీ చెప్పకండి. చూసే ఆనందం చూసినప్పుడే," అని ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎంతకీ దొరకలేదు. సభ్యులందరికీ కబురు చెబుతోంది కాబోలు.

రెండో గొయ్యి కిటికీ కింద. ఈసారి ఏ ధారా లేవలేదు. మట్టిలోంచి నల్లటి వైరు ఒకటి రెండు ముక్కలై బయటపడింది. ఇదేమిటా అని ముగ్గురూ దాన్ని చూస్తుండగానే, పిట్టగోడ మీద నుంచి పక్కింటి బ్యాంకాయన తల లేచింది. పైన చొక్కా, టై ఉన్నాయి. గోడకు ఇవతల ఉన్నవాళ్లకు కింద ఏముందో తెలియదు.

"మా ఇంటర్నెట్టు ఎవరు కోశారండీ?"

"మీ వైరు మా స్థలంలోకి ఎలా వచ్చింది?" అని భర్త ఎదురుతిరిగాడు.

"మీరేగా అప్పుడు, 'పర్లేదు, ఇటునుంచి వేయించుకోండి, నేను దగ్గరుండి చూసుకుంటాను' అన్నారు!"

పూలావిడ భర్త వైపు చూసింది. భర్త గోతి వైపు చూశాడు.

"సెలవు రోజున వీడియో మీటింగు పెట్టిందే మా మేనేజరు, ఎవరు కునుకు తీస్తున్నారో చూడ్డానికి," అని బ్యాంకాయన ఏడవలేక చెప్పాడు. "నాకు తుమ్మొచ్చిందండీ. నోరిలా తెరిచి, కళ్లిలా మూసుకున్న క్షణంలో తెగ్గొట్టారు. పై ఆఫీసంతా ఇప్పుడు అలాగే ఆగిపోయిన నా బొమ్మే చూస్తోంది!"

ఇంతలో వరండాలోంచి అత్తగారు కోడల్ని చేతితో పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. "బాత్రూం ఎప్పటికి బాగవుతుందే?"

"తెలీదత్తయ్యా."

"తెలీదంటే ఎలాగే? నాకు తెలుస్తోంది!"

ఉన్నది ఒక్కటే దారి. పెద్దావిడ మెల్లగా గోతుల పక్క నుంచి నడిచి, ఇప్పుడే వైరు తెగిన ఇంటి తలుపు తట్టింది. "నీకేదో ఇబ్బంది వచ్చిందట కదా నాయనా, పలకరించి పోదామని వచ్చాను," అంది. పలకరింపు చాలాసేపే పట్టింది. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంటూ, "వాళ్ల బాత్రూం ఎంత బాగుందో! పోసిన నీళ్లు పోసినట్టు పోతాయి," అంది. ఆ పొగడ్త పూలావిడకు గుచ్చుకోవాల్సిన చోటే గుచ్చుకుంది.

మూడో గొయ్యి వరండా మెట్ల ముందు తవ్వారు. అందులో మట్టి దొరికింది.

"దగ్గరుండి వేయించారుగా!" పూలావిడ ఇక ఆపుకోలేకపోయింది. "మంచినీళ్ల పైపు కనిపించింది, పక్కింటాయన వైరు కనిపించింది, మనది మాత్రం కనిపించదు. వచ్చే వాళ్లకి ఏమని చెప్పను? ఇల్లు పూడుస్తున్నామనా? ఇన్నేళ్లుగా నా టీ పొడిని ఆడిపోసుకున్నారు. ఏదీ, ఆ టీ పొడి ఒక్క పలుకు చూపించండి, అప్పుడు నేనే గోతిలో దిగి తవ్వుతాను!"

"అమ్మగారు చెప్పింది కరెక్టే సార్," అన్నాడు మేస్త్రీ. "ఊరికే తవ్వితే లాభం లేదు. రంగు వేద్దాం. బాత్రూంలో ఎర్ర రంగు పోసి నీళ్లు కొడితే, లైను విరిగిన చోట పైకి ఊరుతుంది. రెండు నిమిషాల్లో దొంగ దొరికిపోతాడు."

నీళ్లు బ్యాంకాయన కుళాయి నుంచి గోడ మీదుగా గొట్టం వేసి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ రాయబారం మళ్లీ అత్తగారే నడిపింది. రంగు పోశారు, నీళ్లు వదిలారు. భర్త మొదటి గోతి దగ్గర, మేస్త్రీ రెండో దాని దగ్గర కాపలా కూర్చున్నారు. మెట్ల ముందు గోతిని అత్తగారు కుర్చీలోంచే చూసుకుంటానంది. ఎంతసేపు చూసినా ఎక్కడా చుక్క ఎరుపు లేదు.

అప్పుడే గేటు కిర్రుమంది.

సభ్యులు వరసగా వస్తూనే ఉన్నారు. ముందు అధ్యక్షురాలు, వెనక టోపీలు, గొడుగులు, ఫోటోలు తీసే ఒకాయన. అందరూ గేటు దగ్గరి గోతి మీద వేసిన చెక్క మీదుగా ఒక్కొక్కరే, చేతులు చాచి, సర్కసులో తాడు మీద నడిచినట్టు నడిచి లోపలికి వచ్చారు.

"ఇంత లోతు ఏ మొక్కకండీ?" అధ్యక్షురాలు గోతిలోకి వంగి ఆశ్చర్యపోయింది.

"ఇంకా అనుకోలేదండీ," అంది పూలావిడ.

గుంపునంతా గబగబా గోడ వైపు మళ్లించింది. తీగను చూడగానే అందరి తలలూ ఒక్కసారి పైకి లేచాయి. గోడ కనిపించకుండా పూలు. ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. ఆ ఒక్క క్షణం చాలు అనిపించింది పూలావిడకు. గోతులు, నురగ కర్టెన్లు, టీ పొడి నింద, అన్నీ మరిచిపోయింది. తలా ఒక పువ్వు కోసి చేతికిచ్చింది. అందరూ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"నీళ్లు ఎన్నిసార్లు పోస్తారు?"

"అసలు పోయనండీ. నడి ఎండల్లో కూడా దానికి దాహమే ఉండదు. ఈ నేల అలాంటిది."

"ఎరువు?"

"కడిగి ఆరబెట్టిన టీ పొడి. అదీ ఎప్పుడో ఒకసారి. అంతా మా అమ్మ హస్తవాసండీ, నాకొచ్చింది."

"నేనెప్పుడో చెప్పాను," అని అత్తగారు కుర్చీలోంచి అందుకుంది, "అక్కడ ఏదో వాసన..."

"అది ఎరువత్తయ్యా!"

అధ్యక్షురాలు తలాడించి, సంచిలోంచి ఇత్తడి పలక బయటికి తీసింది. ఫోటో ఆయన తీగ మొదలు దగ్గర మోకాలి మీద కూర్చుని గురిచూశాడు. "కాస్త ఇటు జరగండి. అవునూ, ఇదేం ఎరువండీ, ఎర్రగా ఉంది?"

తీగ మొదట్లో మట్టి తడిగా మెరిసింది. ఒక బుడగ లేచి పగిలింది. దాని వెనక ఇంకోటి. చూస్తుండగానే చిక్కటి ఎర్ర నీరు పాదు నిండా ఊరి, గట్టు దాటి, అధ్యక్షురాలి తెల్ల చెప్పుల దాకా వచ్చింది.

"దొరికిందమ్మా!" మేస్త్రీ గడ్డపార ఎత్తుకుని సంతోషంగా పరిగెత్తుకొచ్చాడు. "మీ బాత్రూం నీళ్లన్నీ ఇక్కడికే వస్తున్నాయి! ఇప్పటివి కాదు, ఏళ్ల నుంచీ! ఇంకేం, మీ మొక్కకి లోటేముంది!"

ముక్కుల దగ్గరున్న పూలు నెమ్మదిగా కిందికి దిగాయి. కొందరు వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక గొడుగుల్లో వేసుకున్నారు. ఇత్తడి పలక తిరిగి సంచిలోకి వెళ్లిపోయింది.

తవ్వి చూస్తే, పైపు అతుకు దగ్గర పగిలి ఉంది. లోపలికి దూరిన గులాబీ వేళ్లు జడ అల్లినట్టు పైపు నిండా పెరిగి, దారి మూసేశాయి. టీ పొడి ఒక్క పలుకు కూడా లేదు.

"ఇదన్నమాట నీ హస్తవాసి," అన్నాడు భర్త.

"ఇదన్నమాట మీరు దగ్గరుండి వేయించిన లైను," అంది పూలావిడ. "అటు లేనే లేదన్నారుగా!"

"నిజమే సార్," అన్నాడు మేస్త్రీ.

వెళ్లేముందు అధ్యక్షురాలు మర్యాదగానే ఒక మాట చెప్పింది. లైను బాగుచేశాక, సొంత నీళ్లతో, సొంత ఎరువుతో తీగ మళ్లీ ఇలాగే పూస్తే, పలక గురించి సంఘం తప్పకుండా ఆలోచిస్తుందని.

వేళ్లు కోసి, కొత్త పైపు వేశారు. గోతులు పూడ్చారు, బ్యాంకాయన వైరు అతికించారు, కర్టెన్లు ఆరాయి. బాత్రూంలో నీళ్లు పోసినవి పోసినట్టు పోతున్నాయి. పూలావిడ మాత్రం పొద్దునా సాయంత్రం తీగకు మంచినీళ్లు పోసింది, టీ పొడి వేసింది, కొనుక్కొచ్చిన ఎరువులూ వేసింది, పక్కన కూర్చుని బతిమాలింది. తీగ ఆకులు వేలాడేసి, ఒక్క మొగ్గ కూడా తొడగకుండా గోడకు ఆనుకుని అలిగి కూర్చుంది. పైగా భర్త రోజూ బాత్రూంలోంచి బయటికొస్తూ, "నీళ్లు ఎంత బాగా పోతున్నాయో!" అని మెచ్చుకోవడం ఒకటి.

సంఘం వాళ్లు మళ్లీ వస్తామని కబురు పంపిన రోజు, భర్త ఆఫీసుకి వెళ్లేదాకా ఆగి, అత్తగారు కునుకు తీసేదాకా ఆగి, ఆవిడ మేస్త్రీని పిలిపించింది. గోడ దగ్గరికి తీసుకెళ్లి, అటూ ఇటూ చూసి అడిగింది. "కొత్త అతుకు మరీ బిగించేశావేమో. ఒక్క పిసరు వదులు చేయడానికి వీలవుతుందా?"

"మీరు చెప్పిందే కరెక్టమ్మా," అన్నాడు మేస్త్రీ గడ్డపార అందుకుంటూ. "రెండు నిమిషాల పని."